పాత ఎలక్ట్రిక్ గిటార్‌కు ఇంట్లోనే కొత్త రంగు: చెక్క దాకా గీకవలసిన పని లేదు

మీరు అడిగినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. ఇరవై ఏళ్లు దాటిన, స్క్రూలతో బిగించిన నెక్ (తీగల కింద పొడవుగా ఉండే మెడ భాగం) ఉన్న ఒక మామూలు ఎలక్ట్రిక్ గిటార్ మీ దగ్గర ఉంది. దాని నల్ల రంగు అంచుల వెంబడి పెచ్చులూడింది, వెనక వైపు బెల్టు బకిల్ గీతలు పడ్డాయి, కింది మూలన ఎప్పుడో నేలకు తగిలి పడిన సొట్ట ఒకటి ఉంది. హీట్ గన్‌తో గానీ రసాయనంతో గానీ పాత రంగంతా తీసేసి, లోపలి చెక్క కనిపించేలా నూనె పూత వేయాలని, అదీ వీలైనంత తక్కువ ఖర్చుతో ముగించాలని మీ ఆలోచన. అందులో మొదటి సగం మానుకోమని నా సలహా. మీరు గీకి పారేయాలనుకుంటున్న ఆ పాత పూతలోనే మీరు విడిగా కొనుక్కోవలసిన సీలరు (చెక్క రంగును పీల్చకుండా మూసే పూత), ఫిల్లరు (చెక్కలోని సూక్ష్మ రంధ్రాలను నింపేది) రెండూ ఉన్నాయి. పైగా అవి ఇరవై ఏళ్లుగా ఆరి, కుదించుకోవలసినంత కుదించుకుని, చెక్కకు గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

కర్మాగారాల్లో ఎక్కువ సంఖ్యలో తయారైన గిటార్లకు గత కొన్ని దశాబ్దాలుగా వేస్తున్నది ప్రధానంగా పాలిస్టర్ లేదా పాలీయురేథేన్ పూత. ముఖ్యంగా పాలిస్టర్ పూత అర మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మందం ఉంటుంది. దాన్ని శాండ్‌పేపర్‌తో తీయాలని మొదలుపెడితే కాగితాలు ఒకదాని తర్వాత ఒకటి అరిగిపోతాయే తప్ప నల్ల రంగు కింది పారదర్శకమైన గట్టి పొర కరగదు. రసాయనాలు కూడా ఆ పూత మీద పెద్దగా పనిచేయవు. ఒకప్పుడు కాస్త పనిచేసిన మిథిలీన్ క్లోరైడ్ రకం స్ట్రిప్పర్లు పీల్చినవాళ్ల ప్రాణాలు తీసినందువల్ల అమెరికాలో వాటిని గృహ వినియోగానికి అమ్మడాన్ని 2019లో నిషేధించారు. వేరే చోట దొరికినా ఇంట్లో వాడదగిన వస్తువు కాదు. ఇక మిగిలింది హీట్ గన్. దానితో పాలిస్టర్ పెచ్చులు పెచ్చులుగా లేచి వస్తుంది, నిజమే. కానీ ఒకే చోట రెండు క్షణాలు ఎక్కువ నిలిపితే చెక్క మాడి గోధుమ రంగు మచ్చ పడుతుంది, ముక్కలను అతికించిన జిగురు వదులవుతుంది, అంచు చుట్టూ ప్లాస్టిక్ బైండింగ్ ఉంటే అది కరిగి వంకరపోతుంది. పాత గిటార్లలో ఆ బైండింగ్ సెల్యులాయిడ్ అయితే ఏకంగా అంటుకుంటుంది.

ఇంత శ్రమపడి చెక్క దాకా చేరితే అక్కడ కనిపించేది ఏమిటన్నది అసలు ప్రశ్న. నేను మొట్టమొదట గీకిన బాడీ కూడా నల్లదే. మూడు సాయంత్రాలు హీట్ గన్, పుట్టీ కత్తి పట్టుకుని కూర్చున్నాను. పూత లేచిన చోట ఐదు చెక్క ముక్కలు, ఒక్కొక్కటి ఒక్కో రంగులో, గీతలు ఒక్కో దిక్కుకు పోతూ బయటపడ్డాయి; మధ్యలో రెండు పెద్ద ముడులు, వాటి గుంటల్లో బూడిద రంగు పుట్టీ. ఆ చెక్కను అలా చూపించాలని ఎవరూ ఏరలేదు, నల్ల రంగు కింద దాచాలనే ఏరారు. చివరికి ఆ బాడీకి నేను మళ్లీ నల్ల రంగే వేశాను, ఈసారి ప్రైమర్ (రంగు కింద వేసే అడుగు పూత) డబ్బాలకు అదనపు ఖర్చుతో. పారదర్శకమైన పూతతో వచ్చే గిటార్ల కోసం అందమైన చెక్కను పక్కన పెట్టి, మిగిలినదాన్ని ముదురు రంగుల వైపు పంపడం తయారీలో మామూలు విషయం. కొన్ని చవక గిటార్లలో పూత కింద ప్లైవుడ్ కూడా ఉంటుంది. పికప్ (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) కూర్చునే గుంట లోపలి గోడ మీద రంగు పలచగా ఉన్న చోట టార్చి వేసి చూడండి. పొరలు పొరలుగా గీతలు కనిపిస్తే అది ప్లైవుడ్, అక్కడితో నూనె పూత ఆలోచన విరమించుకోవచ్చు.

ఉన్న పూత మీదే కొత్త రంగు వేయడం దొంగదారి అనిపిస్తే ఒక సంగతి చెబుతాను. 1950లు, 60లలో ఫెండర్ సంస్థ తన ప్రత్యేక రంగులకు డ్యూపాంట్ వారి కార్ల రంగులనే వాడింది. డ్యూకో పేరుతో వచ్చేది నైట్రోసెల్యులోజ్ ల్యాకరు (థిన్నరు ఆవిరవుతూ ఆరే పూత), లూసైట్ పేరుతో వచ్చేది యాక్రిలిక్ ల్యాకరు. అప్పటికే సన్‌బర్స్ట్ (మధ్యలో పసుపు, అంచులకు ముదురు ఛాయ) పూత పూర్తయిన బాడీల మీదే ఆ ప్రత్యేక రంగును కొట్టి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇవాళ ఆ గిటార్ల మీద రంగు అరిగిన చోట కింద నుంచి పసుపు, గోధుమ ఛాయలు తొంగిచూస్తుంటే సేకర్తలు మురిసిపోతారు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మీ గిటార్ నిజంగా పాతకాలపు విలువైన వాయిద్యమయ్యే అవకాశం ఏ కొంచెమున్నా దాని పూతను ముట్టుకోకండి. తెలిసినవారికి చూపించి, నెక్ మడమ (బాడీలోకి దిగే నెక్ చివర) మీద, గుంటల్లో ఉన్న తేదీలు, ముద్రలు చదివించండి. అసలు పూత ఎంత చెడిపోయినా ఉన్నదున్నట్టుగా ఉంచిన పాత వాయిద్యానికి, చక్కగా కొత్త రంగు వేసినదానికి మధ్య ధరలో చాలా తేడా ఉంటుంది, అదీ కొత్త రంగుకు వ్యతిరేకంగానే. అలాంటి పాత పూతల రంగుల్లో సీసం ఉండే అవకాశం కూడా ఉంది కనుక దాన్ని పొడిగా రుద్ది ధూళి లేపడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

మీ గిటార్ మీద ఉన్న పూత ఏ రకమో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష చాలు. పిక్‌గార్డ్ (ముందు వైపు బిగించే ప్లాస్టిక్ పలక) కిందో, వెనక మూత కిందో, బయటికి కనపడని చోట దూదితో ఒక చుక్క అసిటోన్ అద్ది కాసేపు ఆగండి. పూత మెత్తబడి జిగురుగా దూదికి అంటుకుంటే అది నైట్రో (అంటే నైట్రోసెల్యులోజ్) లేదా యాక్రిలిక్ ల్యాకరు. ఏమీ కాకుండా ఉంటే పాలిస్టర్ లేదా పాలీయురేథేన్. మీరు చెప్పిన మందం, గాజులాంటి మెరుపు, గుండ్రని పెచ్చులుగా లేవడం చూస్తే రెండోదే అనుకుంటున్నాను. అదే అయితే మీకు మంచిదే, ఎందుకంటే గట్టిపడిన పాలీ పూత మీద దాదాపు ఏ స్ప్రే రంగైనా కిందిదాన్ని కరిగించకుండా కూర్చుంటుంది.

విప్పేటప్పుడు తొందర వద్దు. తీగలను అన్నింటినీ కొద్ది కొద్దిగా వదులు చేసి తీయండి, ప్రతి వైరు ఏ పాట్ (వాల్యూమ్, టోన్ గుండీల కింది భాగం) మీద ఏ కాలికి సోల్డర్ అయిందో దగ్గరగా నాలుగు ఫోటోలు తీసుకోండి, ఆ తర్వాతే సోల్డరింగ్ ఐరన్ పట్టుకోండి. బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) కిందికి గానీ ట్రెమెలో పంజాకు (వెనక స్ప్రింగులను పట్టి ఉంచే లోహపు ముక్కకు) గానీ పోయే గ్రౌండ్ వైరును మర్చిపోయి లాగితే తెగుతుంది. తిరిగి బిగించాక, తీగలు ముట్టుకున్నా హమ్ (ఆంప్లిఫయర్‌లో వచ్చే గుంయ్‌మనే శబ్దం) తగ్గకపోతే కారణం సాధారణంగా అదే. స్క్రూలను ఒక అట్టముక్క మీద గిటార్ బొమ్మ గీసి ఎక్కడివి అక్కడ గుచ్చి ఉంచితే తిరిగి బిగించేటప్పుడు తడబాటు ఉండదు, ఎందుకంటే పిక్‌గార్డ్ స్క్రూ, పికప్ రింగు స్క్రూ చూడటానికి ఒకేలా ఉన్నా పొడవు తేడా ఉంటుంది. నెక్ తీసే ముందు, నెక్ పాకెట్ (బాడీలో నెక్ కూర్చునే గూడు) చుట్టూ పూత నెక్‌కు అతుక్కుని ఉన్నట్టు కనిపిస్తే పదునైన బ్లేడుతో ఆ సందు వెంబడి ఒకసారి గీయండి. లేకపోతే నెక్‌తో పాటు పెద్ద పెచ్చు ఊడివస్తుంది. బ్రిడ్జ్ స్తంభాల ఇత్తడి గూళ్లు బిగుతుగా ఉంటే వాటిని పీకడానికి సాహసించవద్దు, టేపుతో కప్పి వదిలేయడమే నయం.

తర్వాత శుభ్రం చేయడం. ఇది చదవడానికి విసుగ్గా ఉండే భాగమే గానీ, ఇంట్లో వేసిన పూతలు చెడిపోవడంలో సగం ఇక్కడే చెడిపోతాయని నా అనుభవం. ఇన్నేళ్లుగా ఆ గిటార్ మీద చెమట, చేతి జిడ్డు, పైగా పాలిష్ పేరుతో రుద్దిన సిలికాన్ పేరుకుని ఉంటాయి. సిలికాన్ మిగిలిన చోట కొత్త రంగు నిలవదు. వేసిన క్షణంలోనే చేపకంటి ఆకారంలో గుండ్రని గుంటలు తెరుచుకుంటాయి. రుద్దడానికి ముందే తుడవాలి, ఎందుకంటే జిడ్డు ఉండగా రుద్దితే శాండ్‌పేపర్ ఆ జిడ్డును గీతల్లోకి ఇంకా లోపలికి తోస్తుంది. పాత్రలు కడిగే సబ్బు నీటిలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, ఆరిన తర్వాత నాఫ్తాతో (త్వరగా ఆవిరయ్యే పెట్రోలియం ద్రావకంతో) రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడవండి. అప్పటి నుంచి ఆ బాడీని ఒట్టి చేత్తో పట్టుకోకపోవడం మంచిది.

ఇక పెచ్చులు, సొట్ట. పెచ్చు ఊడిన చోట చుట్టూ ఉన్న అంచును గోటితో తట్టి చూడండి. బోలుగా శబ్దం వచ్చినా, కింద తెల్లగా గాలి చేరినట్టు కనిపించినా అక్కడ పూత చెక్కను వదిలేసినట్టే, ఆ ముక్కను బ్లేడుతో లేపేయాలి. వదిలేసినదాని మీద ఎంత మంచి రంగు వేసినా రేపు అదీ ఇదీ కలిసి ఊడతాయి. గట్టిగా ఉన్న అంచు దాకా వచ్చాక, చిన్న గుంటలను పలచటి సూపర్ గ్లూతో చుక్క చుక్కగా నింపవచ్చు. ఒకేసారి గుంటంతా నింపితే లోపల ఆరదు, పైకి నురగలా పొంగుతుంది. పొరకూ పొరకూ మధ్య బాగా ఆరనిచ్చి, చుట్టుపక్కల మట్టం కంటే కాస్త ఎత్తుగా వచ్చే వరకు వేయండి. పెద్ద గుంటలకు కార్ల డెంటింగ్ పనిలో వాడే రెండు భాగాల పాలిస్టర్ పుట్టీయే మేలు. గోడలకు పెట్టే పుట్టీ వాడకండి, అది మెత్తన, పైగా రంగులోని థిన్నరును పీల్చి నెలల తర్వాత ఆ చోట గుంట మళ్లీ కనిపించేలా చేస్తుంది. కింది మూలన చెక్క నిజంగా నొక్కుకుపోయి, అక్కడ పూత కూడా పోయి ఉంటే, పుట్టీ కంటే ముందు తడిగుడ్డ మడత పెట్టి దాని మీద వేడి సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించండి. ఆవిరి లోపలికి వెళ్లి నలిగిన చెక్క నార ఉబ్బి పైకి వస్తుంది. నార తెగిన చోట ఇది పనిచేయదు. ఒట్టిగా నొక్కుకున్న చోట చాలావరకు పనిచేస్తుంది. మర్నాటి దాకా ఆరనిచ్చి అప్పుడు మిగిలిన పల్లం నింపండి.

నింపినదాన్ని మట్టం చేయడానికి వేలు వాడవద్దు. చేతి వేళ్ల కింద శాండ్‌పేపర్ పెట్టి రుద్దితే వేలు ఆకారంలో పల్లాలు పడతాయి. అవి ఇప్పుడు కనిపించవు, మెరుపు పూత వేశాక దీపం ప్రతిబింబం వంకరగా కదిలినప్పుడు బయటపడతాయి. చదును భాగాలకు చెక్క దిమ్మకో గట్టి రబ్బరు దిమ్మకో కాగితం చుట్టండి, వంపులకు మెత్తని స్పాంజి ముక్క చాలు. నింపిన చోట్ల 220 నంబరు శాండ్‌పేపర్‌తో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టి, మొత్తం బాడీని 320తో, చివరికి 400తో పూర్తి చేయండి. ఈ రుద్దుడు లక్ష్యం పాత మెరుపును చంపి, కొత్త రంగు పట్టుకోవడానికి సన్నని గీతలు ఇవ్వడమే. పెన్సిలుతో బాడీ అంతటా అడ్డదిడ్డంగా గీతలు గీసి, అవన్నీ పోయే వరకు రుద్దితే ఎక్కడా వదిలేయలేదని తెలుస్తుంది. అద్దంలా మెరిసే చుక్క ఒక్కటి మిగిలినా అక్కడ రంగు పట్టదు, కొమ్ముల (నెక్ పక్కన బాడీ నుంచి పొడుచుకొచ్చే భాగాల) లోపలి వంపుల్లో ఇది తరచూ జరుగుతుంది. అంచుల దగ్గర చేయి తేలిగ్గా ఉంచండి. పొరపాటున చెక్క బయటపడిన చోట్ల మాత్రం ప్రైమర్ లేదా సీలర్ తప్పదు.

ఖర్చు విషయంలో నా లెక్క ఇలా ఉంటుంది. హీట్ గన్, స్ట్రిప్పర్, గ్రెయిన్ ఫిల్లర్, మోటారు శాండర్ కొనవద్దు. ఆ మిగిలినదాన్ని మంచి శాండ్‌పేపర్ మీద, సేంద్రియ ఆవిరులను ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ మీద, ఒక డబ్బా అదనపు క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పూత) మీద పెట్టండి. గుడ్డ మాస్క్, ధూళికి పెట్టుకునే మామూలు మాస్క్ రుద్దేటప్పుడు పనికొస్తాయి గానీ రంగు ఆవిరిని ఆపవు. ఇంకొక మాట: బటన్ నొక్కితే లోపలి గట్టిదనపు రసాయనం కలిసే రెండు భాగాల క్లియర్ డబ్బాలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. వాటి ఫలితం అద్భుతంగా ఉంటుందని నేనే ఒప్పుకుంటాను. అయినా వాటిలోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులను శాశ్వతంగా సున్నితం చేయగలవు, ఒకసారి అలా అయినవారికి తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసం వస్తుంది. బయటి గాలిని గొట్టంతో అందించే పరికరం లేకుండా ఇంట్లో వాడమని నేను ఎవరికీ చెప్పను.

మిగిలేవి మామూలు యాక్రిలిక్ ల్యాకరు డబ్బాలు, అంటే కార్ల టచప్‌కు అమ్మేవి, లేదా నైట్రో ల్యాకరు డబ్బాలు. తక్కువ ఖర్చు మొదటిదే. ప్రైమర్, రంగు, క్లియర్ మూడూ ఒకే సంస్థవి, ఒకే కుటుంబానికి చెందినవి కొనండి. ఎనామెల్ మీద ల్యాకరు కొడితే ల్యాకరులోని ఘాటైన థిన్నరు కింది ఎనామెల్‌ను కొరికి, నీళ్లలో ఎక్కువసేపు నానిన చేతి చర్మంలా ముడతలు లేపుతుంది, ఆ ముడతలకు మందు లేదు, గీకేయడమే. ఏ కలయికనైనా ముందు ఒక పాత చెక్కముక్క మీద, వీలైతే బాడీలో పిక్‌గార్డ్ కింద పడే చోట ప్రయత్నించి ఒక రోజు ఆగి చూడండి. రంగు ఎంపికలో కూడా పొదుపు ఉంది. నలుపు కింద నుంచి తెలుపుకో లేత పసుపుకో వెళ్లాలంటే తెల్ల ప్రైమర్ రెండు మూడు పొరలు అదనంగా కావాలి; ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, ముదురు ఎరుపులకు బూడిద ప్రైమర్ ఒక్కటి చాలు. మొదటిసారి మెటాలిక్ జోలికి వెళ్లకండి, చేయి ఒక్కచోట ఆగినా వెండి రేణువులు మబ్బులా గుమిగూడతాయి, పైగా దాని మీద రుద్దడం కుదరదు. నునుపైన నలుపు కూడా మొదటి పనికి మంచి ఎంపిక కాదు, ప్రతి లోపాన్నీ అది దుర్భిణీలో చూపినట్టు చూపిస్తుంది.

రంగు వేయడానికి ముందు నెక్ పాకెట్ అడుగున, గోడలకు మాస్కింగ్ టేపు వేయండి. అక్కడ రంగు పేరుకుంటే నెక్ లోపలికి దిగదు, బలవంతంగా దింపితే పాకెట్ మూలన పూత చీలుతుంది. పికప్ గుంటల్లో కాగితం ఉండలు కుక్కండి. ఒక అర మీటరు కర్రకు చివర రెండు రంధ్రాలు వేసి, నెక్ స్క్రూల రంధ్రాల గుండా పాకెట్‌లోకి బిగిస్తే పట్టుకోవడానికి పిడి, ఆరవేయడానికి కొక్కెం రెండూ సమకూరుతాయి. ఇది లేకుండా ముందు వైపు వేసి, ఆరాక తిప్పి వెనక వైపు వేద్దామనుకుంటే పక్కల మీద పడే పొడిబారిన తుంపరతో గరుకు పొర ఏర్పడుతుంది.

డబ్బాను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, బాగా రెండు నిమిషాలు కుదిపి వాడితే తుంపర సన్నగా వస్తుంది. వేడి నీళ్లు, పొయ్యి పక్కన పెట్టడం ప్రమాదం, డబ్బా పేలుతుంది. బాడీకి ఇరవై, ఇరవై ఐదు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, అంచు బయట నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటాకే వేలు తీయండి. ప్రతి గీత ముందటి గీతను సగం కప్పాలి. ముందు పక్కలు, కొమ్ముల వంపులు, తర్వాత చదును భాగాలు. మొదటి పొర దుమ్ము చల్లినట్టు పలచగా పడాలి, కింద బూడిద రంగు కనిపిస్తూ ఉండాలి. కనిపిస్తోంది కదా అని అక్కడే ఇంకో గీత లాగితే కారుతుంది. పది పదిహేను నిమిషాల తర్వాత రెండోది, అలా రోజుకు మూడు పొరలకు మించకుండా. రంగు మూడు నాలుగు పొరలు, క్లియర్ ఎనిమిది దాకా. కారిన చోటును తడిగా ఉండగా ముట్టుకోకండి, రెండు రోజులు ఆరనిచ్చి బ్లేడు అంచుతో గీరి, 600తో మట్టం చేస్తే ఆనవాలు ఉండదు.

వాతావరణం మీ మాట వినదు కనుక మీరే దాని మాట వినాలి. గాలిలో తేమ అరవై శాతం దాటిన రోజున, వర్షం ముసురుకున్న సాయంత్రాన ల్యాకరు కొట్టకండి. థిన్నరు వేగంగా ఆవిరైపోతూ పూత పైభాగాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద చేరి లోపల చిక్కుకుంటుంది, నల్లటి బాడీ పాలు ఒలికినట్టు తెల్లబారుతుంది. అలా జరిగితే కంగారు పడి రుద్దవద్దు. పొడిగా ఉన్న మరో రోజున చాలా పలచని పొర ఒకటి వేస్తే కింది పొర మళ్లీ మెత్తబడి, చిక్కిన తేమ బయటికి పోయి తెలుపు మాయమవుతుంది. తలుపులు తెరిచిన చోట, మంట, పైలట్ జ్వాల, నిప్పురవ్వలు లేని చోటే పని చేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

క్లియర్ పూర్తయ్యాక పని మానేసి మూడు నాలుగు వారాలు ఆగాలి. ఇదే అందరూ తప్పే చోటు. పైన ముట్టుకుంటే గంటలోనే ఆరినట్టు ఉంటుంది, లోపల మాత్రం థిన్నరు ఇంకా బయటికి పోతూనే ఉంటుంది, పోతున్న కొద్దీ పూత కుదించుకుంటుంది. ముందే రుద్ది మెరుగు పెడితే, ఆ తర్వాతి కుదింపుకు కింది గీతలన్నీ మళ్లీ పైకి తేలతాయి. ముక్కు ఆనించి వాసన చూడండి. థిన్నరు వాసన వస్తున్నంత కాలం అది ఆరలేదు.

ఆరాక తడి రుద్దుడు. 800 లేదా 1000తో మొదలుపెట్టి, 1500, 2000 దాకా, దిమ్మ మీద కాగితం, నీటిలో ఒక చుక్క సబ్బు. ఇక్కడే నేను ఒకసారి చేసిన పొరపాటు చెప్పాలి. బ్రిడ్జ్ స్క్రూ రంధ్రాలను తెరిచి ఉంచి నీళ్లతో రుద్దాను. మర్నాటి ఉదయం ఆరు రంధ్రాల చుట్టూ ఆరు నక్షత్రాలు విచ్చుకున్నాయి. రంధ్రాల్లోకి దిగిన నీటికి లోపలి చెక్క ఉబ్బి, పైన గట్టి పూతను పగలగొట్టింది. అప్పటి నుంచి ప్రతి రంధ్రంలోనూ మైనం గానీ పుల్ల ముక్క గానీ దూర్చి, వాటి చుట్టుపక్కల నీటికి బదులు కొద్దిగా నాఫ్తాతోనే రుద్దుతున్నాను. రుద్దేటప్పుడు ప్రతి నిమిషానికీ తుడిచి, దీపం కిందికి వంచి చూడండి. మెరిసే చిన్న చిన్న గుంటలు మిగిలి, మిగతా అంతా మసకగా ఉంటే ఇంకా రుద్దాలి. తుడిచిన గుడ్డకు రంగు అంటుకుంటే వెంటనే ఆపాలి, క్లియర్ పొర అయిపోయిందని అర్థం. ఇది అంచుల మీద ముందు జరుగుతుంది. అందుకే 2000 కాగితం వచ్చే దాకా నేను అంచుల మీదికి దిమ్మను పోనివ్వను. ఆ తర్వాత కార్లకు వాడే సిలికాన్ లేని రబ్బింగ్ కాంపౌండ్‌తో, మెత్తని గుడ్డతో చేత్తో రుద్దితే చాలు. చేతులు నొప్పెడతాయి, ఒప్పుకుంటాను. డ్రిల్‌కు స్పాంజి చక్రం బిగించి చేస్తే వేగంగా అవుతుంది గానీ ఒకే చోట నిలిపితే వేడికి ల్యాకరు మెత్తబడి చిరుగుతుంది.

ఇంత చదివాక కూడా మీకు చెక్కే కావాలనిపిస్తే, దానికి నేను అడ్డు చెప్పను. ముందు వెనక వైపు మూత కింద చిన్న చతురస్రం గీకి చెక్కను చూసుకోండి. అది ఒకటి రెండు ముక్కల చక్కని చెక్క అయి, గీకే శ్రమకు మీరు సిద్ధమైతే, నూనె పూత స్ప్రే కంటే చవక, తేలిక. ఆల్డర్, బాస్‌వుడ్‌లకు ఫిల్లర్ అక్కర్లేదు. యాష్, మహాగనీలలో సూక్ష్మ రంధ్రాలు తెరుచుకుని ఉంటాయి కనుక నునుపు కావాలంటే ఫిల్లర్ నింపాలి. బాస్‌వుడ్ మరీ మెత్తన, నూనె పూత దానికి రక్షణ ఇవ్వదు, గోటి గీత కూడా పడుతుంది. లిన్సీడ్ లాంటి ఆరే నూనెలతో తుడిచిన గుడ్డలను ఉండలు చుట్టి మూలన పడేయకండి. ఆరుతూ అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట పరిచి గానీ, నీళ్లలో ముంచి గానీ పారేయాలి.

తిరిగి బిగించేటప్పుడు ప్రతి స్క్రూ రంధ్రం నోటి దగ్గర కొత్త పూతను స్క్రూ తల వెడల్పు దాకా కౌంటర్‌సింక్ మొనతో చేత్తో తిప్పుతూ గీరండి. లేకపోతే స్క్రూ మరలు పూతను పట్టుకుని పైకి లేపి చీలుస్తాయి. మరలకు కాస్త మైనం రాయండి. ఎలక్ట్రానిక్స్ ఎలాగూ బయటే ఉన్నాయి కనుక గుంటల లోపల రాగి రేకు టేపు అంటించి, ముక్కకూ ముక్కకూ మధ్య సోల్డర్ చుక్క వేసి, దాన్ని గ్రౌండ్‌కు కలపడానికి ఇదే మంచి అదను. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లైతే కరెంటు వైర్ల నుంచి వచ్చే గుర్రు కొంత తగ్గుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే హమ్ మాత్రం అలాగే ఉంటుంది. స్వరం మారుతుందా అన్న సందేహం మీరు అడగకపోయినా చాలామందికి ఉంటుంది. ఆంప్లిఫయర్‌లోంచి వినేటప్పుడు పాత పూత మీద వేసిన ఈ పలచని ల్యాకరు వల్ల వచ్చే తేడాను నా చెవి పట్టుకోలేదు, కొత్త తీగల వల్ల వచ్చిన తేడాను మాత్రం వెంటనే పట్టుకుంది.

గిటార్ పూర్తయ్యాక మొదటి కొన్ని నెలలు దాన్ని రబ్బరు, నురగ తొడుగులున్న స్టాండు మీద పెట్టకండి, వినైల్ పట్టీని దాని మీద వదిలేయకండి. వాటిలోని మెత్తదనం కోసం కలిపే రసాయనాలు ల్యాకరులోకి ఇంకి, ఎంత తుడిచినా పోని జిగురు మచ్చ చేస్తాయి. స్టాండు చేతులకు పాత కాటన్ మేజోళ్లు తొడిగితే సరిపోతుంది.